తెల్లనీటిపై తెప్ప

మన పెద్దలు నదిలో దిగినది స్నానానికో, చేపలకో, ఆవలి ఒడ్డు చేరటానికో. ఏ సరుకూ మోయక, ఏ ఊరికీ పోవలసిన పని లేక, కేవలం నీటితోపాటు దిగువకు పరుగెత్తటానికే ఒక పగలంతా వెచ్చించటం మన దేశంలో ఇటీవలి ఆచారం. దీనికి ఇంగ్లీషులో "వైట్ వాటర్ రాఫ్టింగ్" అని పేరు. రాళ్లపై పడి లేచే నీరు గాలిని తనలో కలుపుకొని తెల్లబడుతుంది కనుక అది తెల్లనీరు. ఆ తెలుపు చూడటానికి అందమైనదే కాని, గాలి కలిసిన నీరు మనిషిని సరిగా తేల్చదు. మామూలు నీటిలో తేలిన దేహమే నురుగులో కొంత లోతుకు దిగుతుంది. గజ ఈతగాడు సైతం ఇక్కడ లైఫ్ జాకెట్ లేనిదే తెప్ప ఎక్కరాదన్న నియమానికి గల కారణాలలో ఇది ఒకటి.

మొన్న మార్చి మాసంలో మిత్రులం అయిదుగురం ఈ విద్యను ప్రత్యక్షంగా చూడగోరి గంగాతీరాన శివపురికి వెళ్లాము. దేవప్రయాగలో భాగీరథి, అలకనందలు కలిసిన తరువాతనే ఆ ప్రవాహానికి గంగ అనే పేరు. అక్కడి నుంచి ఋషీకేశ్ వరకు నది కొండల మధ్య ఇరుకున పడి ప్రవహిస్తుంది. శివపురి ఋషీకేశ్‌కు ఎగువన సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మేమందరమూ డెల్టా ప్రాంతపు వారము. నది అంటే వెడల్పు, ఇసుక, నిదానము అని ఎరిగినవారము. అట్టివారికి హిమాలయ నది మొదట చెవికే వినిపిస్తుంది. కంటికి కనబడటం ఆ తరువాత.

నీటి ఉరవడి దేనివల్ల కలుగుతుంది? నేల వాలు, ఒడ్డుల ఇరుకు, అడుగున ఉన్న బండలు, వచ్చే నీటి పరిమాణము, ఈ నాలుగూ కలిసి ఉరవడిని నిర్ణయిస్తాయి. ఒక ఘనపు మీటరు నీటి బరువు వేయి కిలోలు. నీటి వేగం రెట్టింపైతే అది మనిషిపై చూపే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఒడ్డున నిలబడి "మోకాలి లోతే కదా" అనుకునేవారు మరచేది ఈ లెక్కనే.

సముద్రంలో అల ముందుకు పోతుంది, నీరు ఉన్నచోటనే ఊగుతుంది. ఇక్కడ అంతా తలక్రిందులు. నీరు పరుగెత్తి పోతుంది, అల మాత్రం ఒకే చోట నిలిచి ఉంటుంది. అడుగున ఉన్న బండ కదలదు గనుక దాని దిగువన లేచిన అల కూడా కదలదు. ఈ స్థిరత్వం వల్లనే తెప్ప నడిపేవారికి నదిని చదవటం సాధ్యమవుతున్నది. నీటిపై నునుపైన నాలుక వంటి దారి కనిపించి, దాని మొన దిగువకు చూపుతూ ఉంటే అది తెరపి ఉన్న దారి. మొన ఎగువకు చూపుతూ ఉంటే ఆ మొన దగ్గర నీటి మాటున బండ ఉన్నదని అర్థము. పెద్ద బండకు దిగువన నీరు వెనుదిరిగి ఎగువకు పారుతుంది. ఆ మడుగులోకి తెప్పను తిప్పుకుంటే అంత హోరు మధ్యనూ విశ్రాంతి దొరుకుతుంది. మునిగిన బండపై నుంచి నీరు దూకి క్రింద గొయ్యి చేసినప్పుడు మాత్రం పైనీరు చుట్టుకొని వెనుకకు వచ్చి, అందులో పడినదానిని అక్కడనే దొర్లిస్తుంది.

ఈ చివరి సంగతి హిమాలయాలకు వెళ్లనివారు కూడా తెలుసుకొనదగినది. మన ఏళ్లపై కట్టిన చిన్న ఆనకట్టలు, చెక్‌డ్యాముల దిగువన ఇదే చుట్టుడు నీరు ఒడ్డు నుంచి ఒడ్డు వరకు ఒక వరుసగా ఏర్పడుతుంది. కొండనదిలోని గొయ్యికి పక్కలనైనా తప్పించుకునే సందు ఉంటుంది; మనిషి కట్టిన సమమైన గోడకు అదీ ఉండదు. చూపునకు అది గోల్ఫ్ కోర్స్ ఉరవడి కన్న ఎంతో సాధువుగా తోస్తుంది. సెలవులలో పిల్లలు ఈతకు దిగేది తరచు అటువంటి చోటనే.

ఇక తెప్ప సంగతి. కృష్ణా తుంగభద్రలపై తిరిగిన పుట్టిని చూచినవారికి దీని తత్త్వం సులభంగా బోధపడుతుంది. వెదురుబుట్టకు తోలు కప్పిన పుట్టి రాతికి తగిలితే విరగక ఒదుగుతుంది. గాలి నింపిన ఈ గట్టి రబ్బరు తెప్ప కూడా అంతే. దాని గొట్టాలు వేర్వేరు అరలుగా ఉంటాయి కనుక ఒక అర చిరిగినా తెప్ప మునగదు. అడుగుభాగం అంచులలో రంధ్రాలుండి, లోపల పడిన నీరు తనంతట తాను పోతుంది. కూర్చునేది తెప్ప లోపల కాదు, అంచుపైన; పాదాన్ని అడ్డగొట్టం క్రింద బిగించాలి. తెడ్డు పిడిని ఎన్నడూ వదలరాదు. "పళ్లు రాలేది రాళ్లవల్ల కాదు, పక్కవారి తెడ్డువల్ల" అని మా సరంగు చెప్పాడు. అతడు గఢ్వాలీ యువకుడు, మితభాషి.

మాలో ఒకరు రాజమండ్రివారు, మంచి ఈతగాడు. "మేము గోదావరి ఈదినవాళ్లము, భయ్యా" అన్నారు హిందీలో. "ఈదటం గురించి నాకు భయం లేదు, భాయ్ సాబ్. మీరు నిలబడతారేమోనని భయం" అన్నాడు సరంగు. అతని మాటలో ఎంతో అర్థం ఉన్నది. పారే నీటిలో పడినవాడు అడుగు తగలగానే నిలబడబోతాడు. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే, వెనుకనుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచుతుంది. నడుములోతు కూడా అక్కరలేదు. అందుచేత వెల్లకిలా పడుకొని, కాళ్లు దిగువకు చాచి, కాలివేళ్లు నీటిపైన కనబడేటట్లు ఉంచి, సరంగు విసిరే తాడుకోసం ఎదురుచూడాలి. తాడు చేతికి చుట్టుకొనరాదు. దానిని భుజంపైకి తీసుకొని పట్టుకోవాలి.

శివపురి దిగువన రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్ అని ఉరవడులు వరుసగా వస్తాయి. ప్రతి రేవుకూ ఒక పురాణమున్న గంగపై ఈ వినోదశాలల పేర్లు మాకు రుచించలేదు. ఆ చోట్లను గఢ్వాలీ పల్లెవారు ఏమని పిలుస్తారో అడిగి వ్రాసుకునేవారుంటే బాగుండును. పేరు ఎట్లా ఉన్నా గోల్ఫ్ కోర్స్ సామాన్యమైనది కాదు. అలల గోడ ఎదురుగా లేచేసరికి చేతులు తమంతట తామే ఆగిపోతాయి. సరిగ్గా ఆ క్షణాననే తెడ్డు వేయాలి. నీటికన్న తెప్ప వేగం ఎక్కువగా ఉన్నప్పుడే అది సరంగు మాట వింటుంది, అలను చీల్చుకొని పోతుంది. తెడ్లు ఆగిన తెప్ప కొట్టుకొనిపోయే దుంగ వంటిది. మేము ఆరు తెడ్లు ఒక్కసారిగా వేయగలిగినది రెండవ అల దగ్గర. మొదటి అల మమ్మల్ని నిలువునా తడిపి, రాజమండ్రి మిత్రుని తెప్ప లోపల పడవేసింది. నీటి చలికి కాసేపు ఎవరికీ మాట రాలేదు.

ఉరవడులను ప్రపంచమంతటా ఒకటి నుంచి ఆరు వరకు తరగతులుగా విభజిస్తారు. ఒకటవది పిల్లకాలువ, ఆరవది ప్రాణాలతో చెలగాటము. గోల్ఫ్ కోర్స్ సాధారణంగా మూడవ తరగతి, ఎగువన బ్యాసీ ప్రాంతంలోని "ద వాల్" నాలుగవది. అయితే అంకె రాతిపై చెక్కినది కాదు, నీటితో మారుతుంది. భాగీరథిపై సుమారు 260 మీటర్ల ఎత్తున టెహ్రీ ఆనకట్ట ఉన్నది. అక్కడ 2006లో విద్యుదుత్పత్తి ఆరంభమైన తరువాత, యంత్రాలు తిరిగినప్పుడల్లా దిగువన నీటిమట్టం కదులుతున్నది. ఉదయం చూచిన నది సాయంత్రానికి ఉండదు.

నిబంధనల మాట కూడా చెప్పాలి. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, తగిన నియమాలు ఏర్పరచే వరకు ఈ విహారాన్ని ఆపవలసినదిగా ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కొందరు దానిని ఉపాధిపై దెబ్బ అన్నారు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎందరో మరణించిన వార్తను చదివినవారికి ఆ న్యాయస్థానపు ఆందోళన అర్థం కాకపోదు. జాకెట్ బిగువుగా ఉన్నదా, శిరస్త్రాణం కట్టు ఊడకుండా ఉన్నదా, వెంట రక్షణకు కయాక్ వస్తున్నదా అని ఎక్కేవారు అడగటంలో సిగ్గుపడవలసినది లేదు.

వర్షాకాలంలో, ముఖ్యంగా జులై, ఆగస్టు మాసాలలో, గంగ బురదనీటితో పొంగుతుంది కనుక తెప్పలు ఒడ్డెక్కుతాయి. సెప్టెంబరు చివరినుంచి మరల దిగుతాయి. శీతకాలంలో నీరు తక్కువ, చలి హెచ్చు. వెళ్లదలచిన శ్రోతలకు మార్చి, ఏప్రిల్ మాసాలు అనుకూలము. కళ్లద్దాలున్నవారు వాటిని త్రాటితో తలకు కట్టుకొనవలె.