ప్రతినిధులు సరే, వెంట వచ్చినవారి మాటేమిటి?

మహాసభల కరపత్రం ఒకటి చేతిలోకి తీసుకొని చూడండి. ప్రసంగీకుల పేర్లు పెద్ద అక్షరాలలో ఉంటాయి. బైబిలు ధ్యానాలు, లెక్కల ఆమోదం, కొత్త కార్యవర్గం ఎన్నిక, అన్నీ గంటల ప్రకారం వరుసగా ఉంటాయి. అట్టడుగున చోటు మిగిలితే "భోజన వసతి కలదు" అని ఒక్క ముక్క. ఆఖరు రోజున "విహారయాత్ర" అని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అయితే ఏడాది తిరిగాక ఆ సభలకు వెళ్లివచ్చినవారిని అడగండి. ఏ తీర్మానం ఏ పూట చేశారో చెప్పగలవారు కొద్దిమందే. ఎవరి ప్రక్కన కూర్చొని అన్నం తిన్నారో, ఏ ఊరి అమ్మగారితో బస్సులో కబుర్లు చెప్పుకున్నారో మాత్రం అందరూ చెబుతారు.

ప్రతినిధి ఒక్కడే రావడం అరుదు. భార్య వస్తుంది, చంటిపిల్ల వస్తుంది, ఒక్కొక్కసారి వయసు మళ్లిన తల్లి కూడా వస్తుంది. సభలో చెయ్యెత్తే హక్కు ప్రతినిధికి ఉంది. బయట వీరి సంగతి ఎవరు చూస్తారు? పట్టణాలలో, విదేశాలలో జరిగే పెద్ద సభలకు వెంట వచ్చినవారి కోసం వేరే కార్యక్రమం వేసే అలవాటు ఉంది. లోపల చర్చ నడుస్తుంటే వారిని ఊరు చూపించడానికి తీసుకువెళతారు, సాయంకాలం అందరినీ కలిపి విందు చేస్తారు. మన పల్లెల్లో ఏమవుతుందో తెలియనిది కాదు. అతిథిగా వచ్చిన అమ్మగారు గంట గడవకముందే కొంగు నడుముకు చుట్టి వంటపందిట్లో ఉల్లిపాయలు తరుగుతూ కనబడుతుంది. ఆతిథ్యమిచ్చే సంఘపు స్త్రీల మాట సరేసరి. మూడు రోజులూ పొయ్యి దగ్గరే. మైకు దూరంగా వినబడుతుంటుంది. మార్త, మరియల సంగతి మీద ప్రసంగం జరుగుతున్నా మార్తలందరూ ఆ సమయాన పప్పు తాలింపు వేస్తూనే ఉంటారు!

కలిసి తినడం, కలిసి తిరగడం సభలకు అదనపు అలంకారమని అనుకోవడం వల్లనే ఈ చిక్కు. 1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియా దేశాలవారు ఇరవైమందికి లోపే. అప్పటికి మన తెలుగు ప్రాంతమైన దోర్నకల్లులో సేవ చేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు అక్కడ మాట్లాడారు. అంత పెద్ద సభలో ఆయన ఎత్తుకున్న సంగతి సిద్ధాంతం కాదు. విదేశీ మిషనెరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య ఇళ్లకు రాకపోకలు లేవని, ఒక బల్ల దగ్గర కూర్చొని తినడం లేదని, డబ్బూ త్యాగమూ ఇచ్చినవారు స్నేహం మాత్రం ఇవ్వలేదని ఆయన ఆవేదన. కొందరికి కోపం వచ్చింది కూడా. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆ ఎడిన్‌బరో సభల నివేదికలు ఎన్నో సంపుటాలుగా అచ్చయ్యాయి. ఈనాటికీ ఎక్కువమంది తలచుకొనేది మాత్రం ఆ ఒక్క సాయంకాలపు ప్రసంగాన్నే.

పల్నాటివారికి ఇది ఎడిన్‌బరో నుండి రావలసిన సంగతి కూడా కాదు. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు కథ ఇక్కడ పిల్లవాడికైనా తెలుసు. ఈనాటికీ కారెంపూడిలో కార్తీక మాసపు వీరారాధన ఉత్సవాలలో చాపకూడు జరుపుకుంటారు. అలాంటి నేలమీద మన సభలు జరుగుతున్నప్పుడు ప్రసంగీకులకు లోపల గదిలో బల్లమీద భోజనం, మిగిలినవారికి బయట ఎండలో వరుస అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. కొరింథులో ప్రభువు బల్ల దగ్గర కొందరు ముందే తిని తృప్తిపడితే, మరికొందరు ఆకలితో నిలబడినందుకే పౌలు అంత గట్టిగా వ్రాయవలసి వచ్చింది.

ఇక చూపించేదేమిటి? నాదెండ్లలో సభలు పెట్టుకుంటే చూడ్డానికి ఏముంది అని మనవాళ్లే అంటారు. చాలా ఉంది. కృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించిన తరువాత తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ఆ సీమను పాలించాడు. ఆయన ఇంటిపేరు ఈ ఊరి పేరే. అంతకుముందు ఆ కోట రెడ్డిరాజుల రాజధాని. ఇప్పుడు పైకి ఘాట్ రోడ్డు ఉంది గనుక పెద్దవాళ్లు కూడా వెళ్లి చూడవచ్చు. ఎండ ఎక్కకముందు బయలుదేరి మధ్యాహ్న భోజనానికి తిరిగి వచ్చేయవచ్చు. దారి కలిస్తే ఫిరంగిపురంలోని బాలయేసు దేవాలయం చూపండి. అది కథోలికులదే, అయితేనేం? మన పొరుగువారి చరిత్ర తెలుసుకుంటే తప్పేమీ లేదు.

ఒక పూర్తి రోజు చేతిలో ఉంటే నాగార్జునసాగరం. నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిన ఆనకట్ట. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. మెట్ట ప్రాంతం నుండి వచ్చిన అతిథికి మన కుడికాలువ గట్టుమీద నిలబెట్టి చుట్టూ పొలాలు చూపండి, ఆనకట్ట కథ సగం అక్కడే అర్థమవుతుంది. విజయపురి సౌత్ నుండి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లవచ్చు. నీటిలో మునిగిపోయే లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీద భద్రపరిచారు. ఇక్ష్వాకుల కాలంలో సింహళం నుండి వచ్చే భిక్షువుల కోసం అక్కడ ఒక విహారమే ఉండేదట! అతిథులకు వసతి చూడటం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు ఎత్తిపోతల జలపాతం. చంద్రవంక వాగు దాదాపు డెబ్బై అడుగుల ఎత్తునుండి పడుతుంది. నీళ్లున్న కాలంలోనే అందం. ఒక హెచ్చరిక: కొండమీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. అంత దూరం వెళ్లి తాళం చూసి రావడం కంటే బాధ లేదు.

మన సంఘాల పూర్వికులను తలచుకోవాలంటే ఒంగోలు ప్రార్థన కొండకు వెళ్లండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవారు అయిదుగురు. లైమన్ జ్యూయెట్ పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట ఉన్నది ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు! వెంట వచ్చినవారు అంటే ఎవరో ఆ కొండమీద పిల్లలకు చెప్పడానికి వీలుగా ఉంటుంది. 1878 జూలై 3న క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందిన గుండ్లకమ్మ కూడా ఆ ప్రాంతానిదే. లూథరన్ సంఘాలవారైతే గురజాల వైపు వెళతారు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ తరువాత పల్నాడు లోపలికి వెళ్లి గురజాలలో కొంతకాలం నివసించారు.

తేదీలు పెట్టుకొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. ఎత్తయిన ప్రభలు కదిలితే నరసరావుపేట, చిలకలూరిపేట రోడ్లమీద మీ బస్సు కదలదు. రెండవది ఎండ. మార్చి దాటాక పల్నాడులో మధ్యాహ్నపు యాత్ర పెడితే వృద్ధులను కష్టపెట్టడమే. జనవరి, ఫిబ్రవరి నెలలలో అయితే కళ్లాలలో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, దూరపువారు బస్సు ఆపించి మరీ చూస్తారు. దానికి టిక్కెట్టు లేదు.

పడవ ఎక్కే విషయంలో మాత్రం మొగమాటం వద్దు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుండి సరదాగా విహారయాత్రకు వచ్చినవారే. పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది. ప్రభుత్వ అనుమతి ఉన్న లాంచీయా, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా, ఎందరిని ఎక్కించుకుంటున్నారు అని కమిటీలో ఒకరు దగ్గరుండి చూడాలి. "ఇంకో నలుగురే కదా, సర్దుకుంటారు" అని పడవవాడు అంటే దిగిపోవడానికి సిగ్గుపడకండి. డబ్బు పోయినా పోనివ్వండి.

మళ్లీ వంటపందిరి దగ్గరకు వద్దాం. యాత్ర బస్సులో సీట్లు నలభై, రావాలనుకొనేవారు డెబ్బై అయితే మామూలుగా ఆగిపోయేది ఎవరు? స్త్రీల సమాజంవారు. "మేము ఎప్పుడైనా చూడవచ్చులెండి" అంటారు. పక్క ఊరిలో ఉండి సాగరం చూడనివారు మన సంఘాలలో ఎందరో లెక్కపెట్టండి. అందుకని యాత్ర రోజున మధ్యాహ్నపు వంట పెట్టుకోకండి. తెల్లవారుజామునే పులిహోర కలిపి పొట్లాలు కడితే సరిపోతుంది, ఆ పొట్లాలు కట్టే పని యౌవనస్థులకు అప్పగించండి. మిగిలిన రోజులలో వడ్డన పురుషులు చేస్తే స్త్రీలు ఒక పూటైనా మొదటి బంతిలో కూర్చుంటారు. సాయంకాలపు విందులో ఒక ఊరివారు ఒకచోట గుంపుగా కాకుండా కలగలిసి కూర్చోవాలి. చీటీలు తీయించి కూర్చోబెడితే మొదట నవ్వుతారు, తరువాత లేవమన్నా లేవరు. పాస్టరుగారు కూడా చీటీ తీయాలి.

ఇంత చేసినా కొందరు మిగిలిపోతారు. నీళ్లు మోసినవారు, రాత్రంతా పందిరికి కాపలా పడుకున్నవారు, అంట్లు తోమినవారు. సభలు ముగిసిన మరునాడు వారి కోసం ఇంకొక బస్సు కొండవీటి దాకా అయినా వేయండి. దాని ఖర్చు చివర్లో మిగిలితే చూద్దామనకుండా మొదటి బడ్జెట్టులోనే వ్రాసుకోవాలి. ఆ రోజు టిఫిను మాత్రం హోటలు నుండి తెప్పించండి.