వ్యాపారదక్షత నేర్పిన వచ్చునా? – కాకినాడ ప్రయోగము

వ్యాపారము చేయుటకు పుట్టిన ఇల్లు వేఱుగా నుండవలెనను మాట మన పెద్దల నోట తఱచు వినబడును. కొనుట, అమ్ముట, లెక్క వ్రాయుట నేర్పవచ్చును గాని క్రొత్త పనికి పూనుకొను తెగువను ఎవరు నేర్పగలరు? అది రక్తములో నుండవలెనని లోకుల తలంపు. నేడు విశ్వవిద్యాలయములు వ్యాపారవ్యూహమును, వ్యవస్థాపకత్వమును, నవకల్పనను పాఠ్యవిషయములుగా బోధించుచున్నవి. ఈ బోధన సార్థకమా, నిరర్థకమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన తొలి పరిశోధనలలో ఒకటి మన తెలుగునాటనే జరిగినది. యానాము వారికి కాకినాడ పొరుగూరు. తమిళనాట నివసించు మనవారికి వేలూరు చిరపరిచితము. ఈ రెండు పట్టణముల వర్తకులే ఆ పరిశోధనలో పాల్గొనినవారు. కావున ఆ వృత్తాంతమును ఈ సంచిక చదువరుల యెదుట నుంచుట సముచితమని తలంచితిని.

సాధనేచ్ఛ

వ్యవస్థాపకుడనగా కేవలము ధనవంతుడు గాడు. ఆస్ట్రియా దేశీయుడగు అర్థశాస్త్రవేత్త జోసెఫ్ షుంపీటరు 1911లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును స్పష్టపఱచెను. క్రొత్త సరుకును తెచ్చుట, క్రొత్త తయారీపద్ధతిని ప్రవేశపెట్టుట, క్రొత్త విపణిని కనుగొనుట, ముడిసరుకునకు క్రొత్త ఆకరమును సంపాదించుట, పరిశ్రమను క్రొత్త తీరున వ్యవస్థీకరించుట—ఈ అయిదింటిలో దేనికైనను పూనుకొనువాడే వ్యవస్థాపకుడని ఆయన మతము. అయితే పదిమందిలో ఒక్కడే ఇట్టి పనికి ఏల పూనుకొనును?

ఈ ప్రశ్నను చేపట్టినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రాచార్యుడైన డేవిడ్ మెక్లెలాండు. పనిని మునుపటికంటె మెఱుగుగా చేయవలెనను అంతరంగపు కోరికయే దీనికి మూలమని ఆయన సిద్ధాంతము. దానిని మనము సాధనేచ్ఛ యందము. 1961లో వెలువడిన తన గ్రంథమున ఆయన అనేక దేశముల పిల్లల వాచకములలోని కథలను పరిశీలించి, సాధనను గూర్చిన తలంపులు ఆ కథలలో హెచ్చుగా నున్న దేశములు తరువాతి కాలమున ఆర్థికముగా వేగముగా పెరిగినవని వాదించెను. కథలు పిల్లల మనస్సును మలచగలిగినచో, పెద్దల మనస్సును శిక్షణ మార్పజాలదా? దీనిని పరీక్షించుటకే ఆయన మన దేశమునకు వచ్చెను.

శిక్షణ విధానము

హైదరాబాదునందు 1962లో నెలకొనిన చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థ ఈ ప్రయోగమునకు వేదికయైనది. నేడు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయసంస్థగా నున్నది ఆ సంస్థయే. 1964లో కాకినాడనుండి 52 మంది వర్తకులు, పారిశ్రామికులు జట్లుజట్లుగా అచటికి వచ్చి శిక్షణ పొందిరి. పిదప వేలూరు వర్తకులకును అట్టి శిక్షణయే లభించెను. కాలము రెండు వారములకు మించలేదు.

అచట నేర్పినది లెక్కల పద్ధతి కాదు. ఒక చిత్రమును చూపి, దానిపై కొలది నిమిషములలో ఒక కథ వ్రాయుమనిరి. వ్రాసినవాడే తన కథలో సాధనను గూర్చిన తలంపు ఎంత గలదో లెక్కించుట నేర్చుకొనెను. కడ్డీపై వలయములు విసరు ఆట మఱియొకటి. ఎంత దూరమున నిలిచి విసరవలెనో ఆడువాడే నిర్ణయించుకొనవలెను. కొందఱు కడ్డీచెంతనే నిలుతురు. అందు గెలుపు గలదు గాని ఘనత లేదు. కొందఱు మిక్కిలి దూరముననుండి విసరుదురు. అది అదృష్టముపై భారము వేయుట. సాధనేచ్ఛ గలవాడు నడిమి దూరమును ఎన్నుకొనును. శ్రద్ధతో యత్నించిన గెలుపు అందునట్టి చోటు అది. ఈ విధముగా ప్రతివాడును తన స్వభావమును తానే చూచుకొని, తన వ్యాపారమునకు గడువుతో కూడిన లక్ష్యములను ఏర్పఱచుకొని, ఫలితమును ఎప్పటికప్పుడు సరిచూచుకొను అలవాటు చేసికొనెను.

ఫలితములు

శిక్షణ పిమ్మట ఒకడు అభివృద్ధి చెందెననిన, అది శిక్షణవలననే యని ఎట్లు చెప్పగలము? ఆ యేండ్లలో గోదావరీ మండలమున వ్యాపారమంతయు పుంజుకొని యుండవచ్చును గదా! ఈ సందేహమును నివారించుటకు శిక్షణ పొందని వర్తకులను, ముఖ్యముగా రాజమహేంద్రవరము వారిని, పోలికకై తీసికొనిరి. డేవిడ్ వింటరుతో కలిసి మెక్లెలాండు 1969లో ప్రకటించిన గ్రంథమున ఈ వివరములు గలవు. క్రొత్త వ్యాపారము పెట్టుట, ఉన్నదానిని గణనీయముగా విస్తరించుట వంటి చొరవను శిక్షణకు ముందు రెండేండ్లలో చూపినవారు అయిదుగురిలో ఇంచుమించు ఒక్కరు. పిమ్మటి రెండేండ్లలో చూపినవారు సుమారు సగముమంది. శిక్షణ పొందనివారిలో ఆ పాలు రెండు కాలములందును నాలుగవ వంతునకు అటునిటుగానే నిలిచెను.

మఱియొక విశేషము. కులము గాని, సంప్రదాయవిశ్వాసములు గాని, వేషభాషలు గాని ఈ ఫలితమును నిర్ణయింపలేదు. నుదుట బొట్టు పెట్టుకొని పంచె కట్టినవాడును, సూటు తొడిగినవాడును శిక్షణవలన సమానముగా లాభము పొందగలిగిరి. ఆచారములను విడిచిననే గాని వ్యాపారాభివృద్ధి లేదనువారికి ఇది తగిన సమాధానము.

పరిమితులు

ఈ ప్రయోగమును అతిగా పొగడరాదు. పాల్గొనినవారి సంఖ్య స్వల్పము. వచ్చినవారు తమంత తాము ఇష్టపడి వచ్చినవారు. పెట్టుబడియు, విపణియు లేనిచోట కోరిక యొక్కటే కార్యము సాధింపజాలదు. అయినను మన దేశమున తరువాత వెలసిన వ్యవస్థాపక శిక్షణలకు ఈ ప్రయోగము ప్రేరకమైనది. అహమ్మదాబాదునందు 1983లో ఈ విద్యకే ప్రత్యేకముగా ఒక జాతీయసంస్థ ఏర్పడెను.

పరిశోధకులు కనుగొన్న ఒక సత్యము మాత్రము మనము మఱువరానిది. తన వ్యాపారమున నిర్ణయాధికారము గలవానికే శిక్షణ ఫలించెను. పరుల యాజ్ఞకు లోబడియున్నవానికి అది అంతగా అక్కఱకు రాలేదు. పొరుగు రాష్ట్రములందు తరతరములుగా వ్యాపారము నడుపుచున్న కుటుంబములు మన సంఘములలో గలవు. తండ్రి వేలకువేలు వెచ్చించి కుమారునకు వ్యాపారనిర్వహణ చదువు చెప్పించును. కుమారుడు చదివి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుండును. ఇనుపపెట్టె తాళపుచెవి మాత్రము తండ్రి మొలలోనే యుండును. సరుకు మార్పవలెనన్నను, క్రొత్త ఊర దుకాణము తెఱవవలెనన్నను కుమారునకు మాట చెల్లదు. అట్టియెడ విఫలమైనది చదువు కాదు, కుమారుడును కాడు.

కావున మన సంఘములు యువకులకు శిక్షణాతరగతులు ఏర్పాటు చేయునపుడు వారి పెద్దలను గూడ ఆహ్వానించుట మేలు. దుకాణమంతయు ఒక్కమాఱే అప్పగింపనక్కఱలేదు. ఒక శాఖను గాని, ఒక సరుకును గాని, కొంత మొత్తమును గాని లాభనష్టములతో సహా యువకుని చేతికిచ్చి, గడువు తీఱువఱకు ఓపిక పట్టిన చాలును. వ్యాపారదక్షత నేర్పిన వచ్చునని కాకినాడ వర్తకులు నిరూపించిరి. నేర్చినదానిని ఆచరణలో పెట్టుటకు చోటిచ్చుట పెద్దల ధర్మము.