రెండో యజమాని చేతికి వచ్చే క్రేన్

చక్రాల మీద తిరుగుతూ, బూమ్ అనే ఉక్కు చేతిని దుర్భిణి గొట్టంలా ఒక అరలోంచి మరో అరను చాపుతూ బరువులెత్తే హైడ్రాలిక్ క్రేన్ ఒకే యజమాని దగ్గర జీవితమంతా గడపడం అరుదు. ఆ యంత్రం ఎలా పుట్టి ఎలా ఎదిగిందో తెలిస్తే పాతదాన్ని కొనేటప్పుడు ఎక్కడ చూడాలో కూడా తెలుస్తుంది. ఎందుకంటే సామర్థ్యం పెరిగిన కొద్దీ క్రేన్ తన అరుగుదలను కంటికి అందనంత లోపలికి దాచుకుంటూ వచ్చింది.

క్రీ.పూ. 6వ శతాబ్దం నాటికే గ్రీకులు ఆలయాల రాళ్లను కప్పీలతో ఎత్తేవారని ఆ రాళ్లపై పట్టుకారు కోసం తొలిచిన గుంతలు చెబుతున్నాయి. ఆ కాలపు యంత్రంలో దాపరికం లేదు; తాడు అరిగితే పీచు లేచేది, దూలం అలిసిపోతే బీట కనిపించేది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో వృత్తిరీత్యా న్యాయవాది అయిన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో ఓడరేవు గట్టున ఊరి మంచినీటి గొట్టాల ఒత్తిడితో పనిచేసే క్రేన్‌ను నిలబెట్టడంతో పరిస్థితి మారింది. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకూ సమానంగా పాకుతుందని, అందువల్ల చిన్న ముషలకాన్ని తక్కువ బలంతో నొక్కి పెద్ద ముషలకంతో భారీ బరువు ఎత్తవచ్చని పాస్కల్ చెప్పిన సూత్రమే దానికి ఆధారం. తర్వాతి కాలంలో నీటి స్థానంలోకి నూనె వచ్చింది. 1922లో బ్రిటన్‌కు చెందిన కోల్స్ సంస్థ క్రేన్‌ను లారీ మీదికి ఎక్కించింది. 1955లో జపాన్‌లో తడానో సంస్థ ఆ దేశపు తొలి హైడ్రాలిక్ ట్రక్కు క్రేన్‌ను తయారుచేసింది. అలా కాలక్రమంలో బూమ్ అరలు, వాటిని తోసే సిలిండర్లు, లాగే ఉక్కుతాళ్లు అన్నీ ఒకే పెట్టె లోపలికి చేరిపోయాయి.

కొనుగోలుదారును మొదట తికమకపెట్టేది క్రేన్ ఒంటిపై రాసి ఉండే టన్నుల సంఖ్య. యాభై టన్నుల క్రేన్ అంటే తిరిగే ఇరుసుకు అతి దగ్గరలో, ఉదాహరణకు 3 మీటర్ల దూరంలో, యాభై టన్నులు ఎత్తగలదని మాత్రమే అర్థం. బరువును దూరంతో గుణిస్తే వచ్చే భ్రామకం అక్కడ 150 టన్ను-మీటర్లు కాబట్టి, అదే భ్రామకాన్ని 20 మీటర్ల దూరానికి పంచితే ఏడున్నర టన్నులే మిగులుతాయి; చాచిన బూమ్ సొంత బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే అదీ దక్కదు. దూరాన్ని బట్టి ఎంత ఎత్తవచ్చో తయారీదారు ఇచ్చే పట్టికనే లోడ్ చార్ట్ అంటారు. సరిగ్గా ఆ యంత్రానికి చెందిన చార్ట్ లేని క్రేన్‌ను ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకపోవడమే మంచిది.

గంటల మీటరు రెండో భ్రమ. పెద్ద క్రేన్లలో నడపడానికి ఒకటి, ఎత్తడానికి ఒకటి చొప్పున రెండు ఇంజన్లు ఉండే పక్షంలో కింది మీటరును మాత్రమే చూపించి బేరం ముగించే అమ్మకందారులకు కొదవలేదు. పైగా ఉక్కును అలసటకు గురిచేసేది గడిచిన గంటలు కాదు, ఎన్నిసార్లు ఎంత బరువు ఎత్తిందన్న లెక్క. ఆ అలసట సన్నని చీలికగా మొదలై రంగు కింద దాగుతుంది కనుక, అతుకుల దగ్గర రంగు గీకించి అయస్కాంత కణాల పరీక్ష చేయించాలి. అయస్కాంతీకరించిన ఉక్కుపై చల్లిన సన్నని ఇనుప పొడి చీలిక ఉన్నచోట గీతలా పోగవుతుంది. బూమ్‌కు వాడే అధిక బలపు ఉక్కును తయారీదారు చెప్పిన పద్ధతి పాటించకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే వేడి సోకిన భాగం బలహీనపడుతుంది. కొత్త రంగు ఒక్కచోటే మెరుస్తుంటే సందేహించడానికి అది చాలు.

సిలిండర్ల పరీక్షకు సుద్దముక్క సరిపోతుంది. బరువుతో బూమ్‌ను ఎత్తి నిలిపి, రాడ్ మీద గీత గీసి, ఇంజన్ ఆపి కాసేపు వేచి ఉండాలి. గీత జరిగితే సీలు లేదా నూనెను నిలిపి ఉంచే వాల్వు లీకవుతున్నట్టు అనుమానించాలి, అయితే వేడెక్కిన నూనె చల్లారుతూ కుంచించుకుపోవడం వల్ల కూడా రాడ్ కొద్దిగా దిగుతుంది గనుక చల్లారాక మరోసారి చూడకుండా తీర్పు ఇవ్వరాదు. పైభాగాన్ని తిప్పే పెద్ద బేరింగ్ అయిన స్లూయింగ్ రింగ్ విషయంలో బూమ్‌ను దించుతూ ఎత్తుతూ డయల్ గేజ్‌తో సందును కొలిచి, తయారీదారు హద్దుతో పోల్చాలి; దాన్ని మార్చడానికి పైభాగమంతా ఊడదీయాల్సి రావడంతో చవక బేరం అక్కడితో చవక కాకుండా పోతుంది. ఉక్కుతాడు మార్చుకోదగినదే అయినా పాత యజమాని శ్రద్ధకు సాక్ష్యం: పేట ఒక పూర్తి చుట్టు తిరిగే నిడివిలో ఆరు తీగలు, లేదా ఒకే పేటలో మూడు తీగలు తెగితే సాధారణ ఎత్తుడు తాడును పక్కన పెట్టాలని అమెరికా నిబంధనలు చెబుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టర్లు ‘హైడ్రా’ అని పిలిచే, బరువును పట్టుకునే నడిచే క్రేన్‌ది వేరే తరహా. దీనికి నేలపై ఆనించే అవుట్‌రిగ్గర్ కాళ్లు ఉండవు, నడుము దగ్గర వంగి మలుపు తిరుగుతుంది. వంగినప్పుడు బరువు పక్కకు పోయి నిలకడ తగ్గుతుంది కాబట్టి చార్ట్‌లో ఆ స్థితికి తక్కువ టన్నులే ఉంటాయి. అందువల్ల కొనేవారు ముందుగా చూడవలసింది నడుము కీలులోని పిన్నుల, బుష్‌ల వదులును, ముందు టైర్లను.

ఒక్క క్రేన్ కాక వరసగా కొనే సంస్థకు విడిభాగాల లెక్క మరీ ముఖ్యం. నాలుగు కంపెనీల నాలుగు క్రేన్ల కన్నా ఒకే రకానివి కొంటే ఫిల్టర్లు, సీళ్లు, ఆపరేటర్ శిక్షణ కలిసివస్తాయి. పరిమితి దాటితే హెచ్చరించే లోడ్ ఇండికేటర్ పాత నమూనాదైతే దాని ఎలక్ట్రానిక్ బోర్డు దొరుకుతుందా అన్నది బేరానికి ముందే తేల్చుకోవాలి. ఎత్తే యంత్రాలను కనీసం పన్నెండు నెలలకొకసారి అర్హత కలిగిన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. వరసగా ఉన్న అటువంటి పాత ధ్రువపత్రాలు, లాగ్ బుక్కు అమ్మకందారు ఇవ్వగలిగితే ధర కాస్త ఎక్కువైనా ఆ క్రేన్‌నే ఎంచుకోవచ్చు, ఇవ్వలేకపోతే పైన చెప్పిన పరీక్షలన్నిటి ఖర్చునూ అడిగిన ధరలోంచి తగ్గించుకుని బేరమాడాలి.