మెత్తని పగడాల ఇరుగుపొరుగు

పగడమంటే తెలుగువారికి నగలో మెరిసే ఎర్రని గట్టి పూస. నిజానికి ఆ ఎర్ర పగడం కూడా ఒక్కో జీవికి ఎనిమిదేసి స్పర్శకాలుండే వర్గానిదే; ఇంటి అక్వేరియంలో పెంచే మెత్తని పగడాలకు చుట్టమే.

సార్కోఫైటన్, సైనులేరియా వంటి మెత్తని పగడాలకు రాతిగూడు లేదు. ఆ లోటును అవి రసాయనాలతో పూడ్చుకుంటాయి. వాటి దేహంలో తయారయ్యే టెర్పీన్లలో కొన్ని చేపలను దూరం పెడతాయి, మరికొన్ని నీటిలో కలిసి పొరుగు పగడాలను దెబ్బతీస్తాయి. సమ్మార్కో, కోల్ తదితరులు గ్రేట్ బారియర్ రీఫ్‌లో చేసి 1983లో ప్రచురించిన ప్రయోగాల్లో, మెత్తని పగడం తాకకపోయినా దాని చేరువలో ఉంచిన గట్టి పగడానికి హాని జరిగింది.

సముద్రంలో ఆ విషాన్ని ప్రవాహం పలుచన చేస్తుంది. రెండు వందల లీటర్ల తొట్టిలో అది ఎక్కడికి పోతుంది? గట్టి పగడం వారాల తరబడి ముడుచుకుని వెలవెలబోతుంటే, పెంచేవారు ముందు లైటునో ఉప్పునో అనుమానిస్తారు. పక్కనే నిండుగా విచ్చుకున్న సార్కోఫైటన్ మీదికి అనుమానం పోదు. రెండింటినీ ఎడంగా జరిపితే ఒరిపిడి తప్పుతుంది గాని, నీరు ఒక్కటే కదా! అందుకే వడపోతలో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచి, దాన్ని క్రమం తప్పక మారుస్తూ, నీటిని కూడా కొంత కొంతగా మార్చాలి. సార్కోఫైటన్ అప్పుడప్పుడు విడిచే మైనపు పొర పొరుగువాటిపై పడకుండా ప్రవాహం చూసుకోవాలి.

జీనియా సంగతి వేరు. దాని దురాక్రమణ ముఖ్యంగా పాకుడే. దానికి విడిగా ఒక రాయి కేటాయించి, చుట్టూ ఇసుక వదలడం మేలు.