8 నుంచి 46 దాకా: కాలేయం మారాక పిల్లల మెదడు సంగతి

కాలేయ మార్పిడి చేయించుకున్న పిల్లల్లో ఎంతమందికి మెదడు, నరాల ఇబ్బందులు వస్తాయి? వైద్య పత్రికలు తిరగేస్తే ఒకచోట 8 శాతం అని ఉంటుంది, ఇంకోచోట 46 శాతం అని ఉంటుంది. బిడ్డను ఆపరేషన్‌కు పంపబోయే తల్లి చేతికి ఈ రెండంకెలూ ఇస్తే ఏం చేసుకుంటుంది? పన్నెండు మందిలో ఒకరికా, ఇద్దరిలో ఒకరికా?

రెండూ నిజమే. ఏది లెక్కలోకి తీసుకున్నారన్నదే తేడా. పాలగ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడాన్ని ఒక ఆసుపత్రి లెక్కలో వేస్తుంది, మరొకటి వదిలేస్తుంది. ఫిట్స్, కోమా, పక్షవాతం మాత్రమే రాసుకునేవారి అంకె చిన్నదిగా ఉంటుంది. ఏ పిల్లలన్నదీ ముఖ్యమే. పుట్టుకతో పైత్యనాళాలు మూసుకుపోయి నెలల తరబడి కామెర్లతో వచ్చిన బిడ్డ వేరు, నాలుగు రోజుల్లో కాలేయం చచ్చుబడి, అమోనియా పెరిగి, మెదడు వాచి స్పృహ లేకుండా వచ్చిన బిడ్డ వేరు. రెండో బిడ్డ మెదడుకు దెబ్బ ఆపరేషన్‌కు ముందే తగిలింది. ఆ పాపాన్నీ మార్పిడి ఖాతాలోనే రాస్తున్నారు. అందుకే ఈ శాతాలను నేను పెద్దగా పట్టించుకోను. పట్టించుకోవాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. అవి బిడ్డ ఫైల్లోనే ఉంటాయి.

ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగే వీలే లేదు. 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జల్ తొలిసారి మనిషికి కాలేయం మార్చినప్పుడు ఆ రోగి మూడేళ్ల పిల్లవాడు. రక్తస్రావంతో బల్లమీదే పోయాడు. మన దేశంలో పిల్లల్లో తొలి విజయం 1998లో, ఢిల్లీలో. ఇరవై నెలల బాబుకు తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఇవాళ మంచి కేంద్రాల్లో పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు ఏడాది దాటుతున్నారు. బతుకుతాడా అన్న ప్రశ్న పక్కకు జరిగింది కాబట్టే, ఎలా బతుకుతాడన్నది ముందుకొచ్చింది.

ఇబ్బందుల్లో ఎక్కువభాగం మొదటి నెలలోనే బయటపడతాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఫిట్స్. మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్, రక్తనాళం మూసుకుపోవడం అరుదు, కానీ ప్రమాదం.

ఫిట్స్ రాగానే డాక్టర్లు ముందు అడిగేది టాక్రోలిమస్ లెవెల్ ఎంతని. కొత్త కాలేయాన్ని ఒంట్లోని రక్షక కణాలు పరాయిదని దాడి చేయకుండా ఆపే మందు ఇది. రక్తంలో దీన్ని మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో కొలుస్తారు. గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము. తొలి వారాల్లో 10కి అటూ ఇటూ, ఏడాది తిరిగాక 5 దగ్గర ఉంచడం చాలాచోట్ల పద్ధతి. తగ్గితే కాలేయానికి చేటు, పెరిగితే నరాలకూ కిడ్నీలకూ చేటు. ఇదే మందు బీపీని పెంచుతుంది, మెగ్నీషియంను మూత్రంలో పోగొడుతుంది. మెగ్నీషియం పడిపోయిన మెదడుకు ఫిట్స్ తేలిగ్గా వస్తాయి. ఇంకో చిక్కు: లెవెల్ సరిగ్గా ఉన్నా కొందరు పిల్లల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు.

బీపీ పెరిగిన బిడ్డ తలనొప్పి అని ఏడ్చి, తర్వాత కళ్లు కనబడటం లేదంటే తల్లి గుండె ఆగినంత పనవుతుంది. తల వెనకభాగంలో, చూపుకు సంబంధించిన చోట మెదడు ఉబ్బడం దీనికి కారణం. 1996లో 15 మంది రోగుల వివరాలతో దీనికో పేరు పెట్టారు. వాళ్లలో ఏడుగురు ఇలా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారే. సమయానికి గుర్తించి బీపీ దించి, మందు తగ్గించినా మార్చినా చాలామందిలో చూపు తిరిగొస్తుంది.

సోడియం కథ వేరు. ఉండాల్సింది 135 నుంచి 145. పొట్టలో నీరు చేరిన పిల్లల్లో అది 120ల్లోకి పడిపోయి ఉంటుంది. ఆపరేషన్‌లో రక్తం, సెలైన్ ఎక్కించేటప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తే మెదడు కాండంలో నరాల పొర ఊడిపోతుంది. అందుకే రోజుకు 8 మించి పెరగకుండా చూస్తారు. దెబ్బ వెంటనే తెలియదు. రెండు నుంచి ఆరు రోజుల తర్వాత మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలవుతుంది. అరుదే, కానీ దీనికి సరైన మందు లేదు.

వార్డులో ఉన్నంతకాలం ఈ అంకెల్ని నర్సులు చూసుకుంటారు. నా భయమంతా డిశ్చార్జి అయ్యాకే. ఊళ్లో దగ్గొస్తే ఇచ్చే క్లారిత్రోమైసిన్, నోట్లో పూతకు ఇచ్చే ఫ్లుకొనజోల్ టాక్రోలిమస్‌ను అమాంతం పెంచుతాయి. విరేచనాలూ పెంచుతాయి. పంపరపనస కూడా పెంచుతుంది. ఫిట్స్‌కని దగ్గర్లోని ఆసుపత్రిలో ఫెనిటాయిన్ మొదలుపెడితే లెవెల్ కిందికి జారి, కాలేయం మీదికి వస్తుంది. ఫిట్స్ ఆపే ఇంజక్షన్ అప్పటికప్పుడు ఇవ్వాల్సిందే. ఆ తర్వాత రోజూ వాడేది మాత్రం మార్పిడి చేసిన డాక్టర్‌కు ఫోన్ చేశాకే. లెవెటిరాసెటమ్ టాక్రోలిమస్ జోలికి దాదాపు పోదు కాబట్టి దానివైపే మొగ్గుతారు.

ఇక దీర్ఘకాలపు లెక్క. అమెరికా, కెనడాల్లో మార్పిడి జరిగి రెండేళ్లు దాటిన, 5 నుంచి 7 ఏళ్ల వయసున్న 144 మంది పిల్లలను పరీక్షించారు. ఐక్యూ 71 నుంచి 85 మధ్య ఉన్నవారు మామూలు పిల్లల్లో 14 శాతం ఉంటే, వీరిలో 26 శాతం. 70, అంతకు తక్కువ ఉన్నవారు 2 శాతానికి బదులు 4 శాతం. పదిమందిలో మిగతా ఏడుగురు మామూలుగానే ఉన్నారన్నది కూడా ఇదే లెక్క చెబుతుంది. ఆ లోటుకు ఒక్క కత్తినో మందునో తప్పుపట్టలేం. ఆపరేషన్‌కు ముందు కామెర్లతో, తిండి ఒంటపట్టక గడిచిన నెలలకూ ఇందులో వాటా ఉంది. మన పల్లెల్లో ఆ నెలలు పసరు మందు దగ్గరే గడిచిపోతుంటాయి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు పైత్యరసం పోయే దారి వేసే ‘కసాయ్’ అనే ఆపరేషన్ పుట్టిన 60 రోజుల్లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. పుట్టిన రెండు వారాలు దాటినా కళ్లు పచ్చగా ఉండి, దొడ్డికి తెల్లగా వెళ్తుంటే ఆగకండి.

మార్పిడి అయిన బిడ్డ ఇంట్లో ఉంటే ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. తేదీ, టాక్రోలిమస్, మెగ్నీషియం, బీపీ. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, చివరికి మందుల షాపుకు వెళ్లినా అదే ముందు చూపించండి. లెవెల్ పరీక్షకు రక్తం ఇచ్చే రోజు పొద్దుటి టాక్రోలిమస్ డోసు వేయకుండా, జేబులో పెట్టుకుని వెళ్లండి. రక్తం తీశాకే వేయండి. ముందే వేస్తే వచ్చే అంకె తప్పుడు అంకె.