రెండో బాణం

జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో బంగారుపాళ్యం మార్కెట్టు తోతాపురి మామిడికాయలతో నిండిపోతుంది. 2025లో ధర కుప్పకూలినప్పుడు కోత కూలీ, ట్రాక్టరు బాడుగ కూడా గిట్టక రైతులు తల్లడిల్లారు. గుజ్జు కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఆ నష్టం నిజమైనది; ధ్యానంతో తీరేది కాదు. అయితే కాయలు అమ్ముడైన తరువాత కూడా రాత్రివేళ నిద్ర పట్టనివ్వని తలపోతల సంగతి వేరు.

సంయుత్త నికాయంలో బుద్ధ భగవానుడు దీనికొక ఉపమానం చెప్పాడు. బాణం తగిలినవానికి నొప్పి తప్పదు. అజ్ఞాని మాత్రం దానికి శోకాన్ని జోడించి, రెండో బాణపు బాధను కూడా అనుభవిస్తాడు.

నేటి మానసిక చికిత్సకులలో కొందరు పట్టుకున్నది ఈ రెండో బాణాన్నే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగులకు ధ్యాన శిక్షణ ప్రారంభించారు. తరువాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే మనస్తత్వవేత్తలు దానిని కుంగుబాటు చికిత్సకు అనువుగా మలిచారు. ఇందులో 'నేను పనికిరానివాడిని' అనే తలపుతో చికిత్సకుడు వాదించడు. అది వచ్చిపోయే తలపు మాత్రమేనని రోగి తానే గమనించేలా చేస్తాడు. మూడుసార్లు, అంతకుమించి కుంగుబాటుకు లోనైనవారిలో మామూలు చికిత్స పొందిన 66 శాతం మందికి వ్యాధి తిరగబెట్టగా, ఈ సాధన కూడా నేర్చినవారిలో అది 37 శాతమేనని 2000లో వెలువడిన వారి పరిశోధన తెలిపింది. రెండుసార్లే కుంగినవారికి అంతటి మేలు కనబడలేదన్నదీ అందులోని మాటే.

చంచలమైన మనస్సు అభ్యాస వైరాగ్యాలకు లొంగుతుందని గీత ఆరో అధ్యాయంలో విన్న మనకు ఇది పరాయి విద్య కాదు.

1955లో బర్మాలో సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన తలనొప్పికి ఉపశమనం కోరి ఊ బా ఖిన్ గురువును ఆశ్రయించారు. కేవలం తలనొప్పి కోసమైతే చేర్చుకోనన్నారు గురువు. ఆ విపశ్యన విద్యనే 1969లో గోయెంకా భారతదేశానికి తెచ్చారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రహదారిపై ఉన్న ధమ్మ ఖేత్తలో నేటికీ పదిరోజుల శిబిరాలు జరుగుతున్నాయి. తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తులకు శిబిరం తగదనీ, ఇది వైద్యానికి బదులు కాదనీ ఆ శిబిరాల నియమావళే హెచ్చరిస్తుంది. ధ్యానాన్ని సర్వరోగ నివారిణిగా చాటేవారు ఈ మాటను దాటవేయడం విచారకరం.

ఇంట్లో ఎవరైనా వారాల తరబడి నిద్రాహారాలు మాని, బతుకు మీద విరక్తితో మాట్లాడుతుంటే కాణిపాకం వినాయకునికి మొక్కుకోండి, తప్పులేదు. ధ్యానం తరువాత నేర్పవచ్చు. ముందు వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.