గిటారు ఎందుకు కూత పెడుతుంది?

వార్షికోత్సవం రోజు మైకు ‘కుయ్యి’మని అరిస్తే అందరం చెవులు మూసుకుంటాం. ఎలక్ట్రిక్ గిటారుకూ ఇదే జబ్బు ఉంది. కారణం తెలిస్తే మందు మన చేతిలోనే ఉంటుంది.

మైకులో పడిన శబ్దాన్ని యాంప్లిఫైయర్ పెంచి సౌండు బాక్సుకు పంపుతుంది. ఆ శబ్దం తిరిగి మైకులోనే పడితే మళ్ళీ పెరుగుతుంది. ఇలా గానుగెద్దులా తిరిగి తిరిగి కూత పుడుతుంది. దీనినే ఫీడ్‌బ్యాక్ అంటారు.

మొదట చెక్క సంగతి చూద్దాం. బొబ్బిలి వీణను పనస కర్రతో చేస్తారు. కుండను బోలుగా తొలిచి, పైన పలక మూస్తారు. ఈ బోలు తీగ నాదాన్ని పెంచుతుంది. మైకు లేని రోజుల్లో అది గొప్ప గుణం. కానీ సౌండు బాక్సు పక్కన అదే బోలు బయటి శబ్దానికీ అదురుతుంది. బోలు గిటారూ అంతే. అందుకే 1940 ప్రాంతంలో అమెరికాలో లెస్ పాల్ అనే వాద్యకారుడు గట్టి దిమ్మెకు తీగలు బిగించి చూశాడు. 1950లో ఫెండర్ కంపెనీ బోలు లేని గిటారును అమ్మకానికి తెచ్చింది. 1969లో పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ గారు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదనే కర్ణాటక సంగీతం పలికించి ప్రపంచాన్ని మెప్పించారు.

కాబట్టి గిటారు కొనేవారు మహాగనియా, ఆల్డరా అని ఖరీదైన చెక్క పేరు వెంట పడనక్కరలేదు. దిమ్మె బోలు లేకుండా, పగుళ్ళు లేకుండా, మరలు బిగువుగా ఉంటే చాలు.

ఇక వైరింగ్. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం చుట్టూ వెంట్రుక వంటి రాగి తీగను వేల చుట్లు చుడతారు. చుట్లు వదులైతే అవి కూడా అదిరి కీచుమంటాయి. తెలిసిన మెకానిక్ చేత కరిగించిన మైనంలో ముంచిస్తే చుట్లు కదలవు.

‘బుయ్’మనే మోత వేరు. అది మన 50 హెర్ట్జ్ కరెంటు నుండి వస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ మోతను చాలావరకు తగ్గించాడు. అదే హంబకర్. వైర్లున్న గూటిలో రాగి రేకు అతికించి గ్రౌండుకు కలిపితే ట్యూబులైట్ల గరగర కూడా తగ్గుతుంది.

మిత్రులారా, ఒక్క మాట మరువకండి. మోత పోతుందని కొందరు యాంప్లిఫైయర్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేస్తారు. గిటారు తీగలు ఆ యాంప్లిఫైయర్ బాడీకే కలిసి ఉంటాయి. లోపల కరెంటు లీకైతే తీగలు పట్టుకున్న చేతికి, మైకుకు తగిలిన పెదవికి షాకు కొడుతుంది. ప్రాణం పోవచ్చు. మన ఎండిన నేలలో ఎర్త్ గుంత తడి ఆరిపోతుంది. ఫంక్షన్‌కు ముందే నీళ్ళు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.

స్టేజీ మీద సౌండు బాక్సులు మైకుకు ముందు, జనం వైపు తిప్పి ఉంచండి. నాపరాయి పరిచిన హాలు శబ్దాన్ని తిరగగొడుతుంది కనుక జంపఖానాలు పరవండి. వాయించనప్పుడు గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. పాట వినిపిస్తుంది, పాడే పిల్లవాడూ క్షేమంగా స్టేజీ దిగుతాడు.